పది బై పన్నెండు

నిన్న తార్నాక మెట్రో మెట్లు దిగుతుంటే, ముందు నడుస్తున్న మనిషి కాలికట్టు నుంచి అయొడిన్ మందు వాసన వచ్చింది. అక్కడే ఆగిపోయాను. ఆ వాసన వస్తే నాకు ఇప్పటికీ వెంటనే వినోద మేడం గుర్తొస్తుంది.

యూనివర్సిటీలో ఎమ్మెస్సీ పూర్తికాగానే తార్నాకలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. డాక్టర్లు రాసిన జబ్బుకూ, చేసిన ఆపరేషన్‌కూ సరైన కోడ్ వేసి ఇన్సూరెన్సు వాళ్లకు బిల్లు పంపడం నా పని. మా విభాగానికి పెద్ద వినోద మేడం. యాభై దాటిన మనిషి, నర్సుగా మొదలై ఆ కుర్చీలోకి వచ్చింది. ఎవరి మీదా అరిచేది కాదు. కానీ నా ఫైలు తీసుకుని ఒక్కో పేజీ తిప్పుతుంటే నాకు అరచేతులు చెమట పట్టేవి.

చేరిన మూడో నెలలో, క్యాంపస్ హాస్టల్ మెస్‌లో వంట చేసే మల్లేశ్ ఫైలు నా చేతికొచ్చింది. కాలి మీద వేడి పప్పు పడి, పుండు ముదిరి, రెండు వేళ్లు తీసేశారు. కేస్ షీటులో షుగర్ అన్న మాట పక్కన '10/12' అని ఉంది. రెండువేల పన్నెండు అక్టోబరు నుంచీ అనుకుని అలాగే ఎక్కించాను. పాలసీ తీసుకున్నది ఆ తర్వాత. జబ్బు దాచి పాలసీ తీసుకున్నారంటూ క్లెయిమ్ తిరిగొచ్చింది.

అతని భార్య లక్ష్మి ఆ కాగితం పట్టుకుని మా కౌంటరు దగ్గర నిలబడింది. "షుగరున్నదని పోయినేడే తెలిసింది మేడం. మేమెందుకు దాస్తం? అబద్ధమాడినమని రాసిన్రట" అంది.

వినోద మేడం కేస్ షీటు చాలాసేపు చూసి, నన్ను లోపలికి పిలిచింది. "ఇది తారీఖు కాదు బిడ్డా. పన్నెండింట్ల పది, అంటే పది నెలలు. డాక్టర్లు గట్లనే రాస్తరు. తెల్వకపోతే అడగొద్దా?"

ఉద్యోగం పోతుందన్న భయంలో నోటికొచ్చింది అనేశాను. "షుగర్ కోడ్ తీసేసి, వట్టి కాలిన గాయమని మళ్లీ పంపుదామా మేడం? ఎవరికీ తెలియదు."

"ఉన్నదాన్ని లేదంటే, అప్పుడు నిజంగనే అబద్ధమైతది. ఆమె మీద ఇంకో అబద్ధం పెడతవా?"

ఆ మధ్యాహ్నమే నన్ను క్యాంపస్‌కు పంపింది. మెస్ వెనక, మల్లేశ్ కాలికట్టు నుంచి అయొడిన్ వాసన నిండిన గదిలో లక్ష్మి ట్రంకుపెట్టంతా వెతికి మొదటి రక్తపరీక్ష చీటీ తీసింది. తారీఖు చూశాను. ఆపరేషన్‌కు సరిగ్గా పది నెలల ముందుది. పాలసీ అంతకంటే ముందే తీసుకున్నారు. డాక్టరు కూడా అదే రాసి సంతకం చేశారు. ఇన్సూరెన్సు వాళ్లకు ఉత్తరం మాత్రం మేడం నాతోనే రాయించింది, కేస్ షీటు తప్పుగా చదివింది నేనేనని. నా సంతకం కింద తనదీ పెట్టింది. "చూడకుండ పంపింది నేను గద" అంది.

జవాబు వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. చివరికి క్లెయిమ్ మంజూరైంది. "పోయి నువ్వే చెప్పు. తప్పెవరిదో గూడ చెప్పు" అంది మేడం.

చెప్పాను. "పైసలు రాకున్నా ఎట్లనో బతికేటోళ్లం. దొంగలమన్నరని ఆయన నాల్గు రోజులు మందు గూడ మింగలే" అంది లక్ష్మి. పర్వాలేదని మాత్రం అనలేదు.

మేడం రిటైరైన రోజు అడిగాను, ఈ భయం ఎప్పుడు పోతుందని. "పోనియ్యకు" అంది. ఇప్పుడు నా దగ్గర ఆరుగురు పనిచేస్తున్నారు. అనుమానమొస్తే వార్డుకు ఫోన్ చెయ్యమంటే విసుక్కుంటారు. విసుక్కోనీ. బిల్లు పంపే ముందు నా వేలు ఇప్పటికీ ఆగుతుంది, ఈ ఫైల్లో ఎవరి మాట నా చేతుల్లో అబద్ధమవుతుందోనని.