చెత్తబుట్టలోంచి వచ్చిన స్ట్రిప్పులు

ఆ వీధిలో సగం మందికి షుగరు, మిగతా సగానికి రేపో మాపో రాబోయే షుగరు. అందుకే షుగరక్క అందరికీ దేవతతో సమానం. ఆవిడ అసలు పేరు కట్టుకున్న మొగుడికైనా గుర్తుందో లేదో.

షుగరక్క పనిచేసేది స్ట్రిప్పుల ఫ్యాక్టరీలో. పాలలో మందులు కలిశాయా, నీళ్ళలో విషముందా, చేప మురిగిందా, అన్నీ పట్టేసే స్ట్రిప్పులు అక్కడే చేస్తారు. ఆవిడ వంతు రక్తంలో షుగరు చూసేవి. ఒక్కోదాని చివర ఆవగింజలో అరవయ్యో వంతు మందు అద్దుతారు. చక్కెరని పసిగట్టేది అదే. తేమ తగిలిందా, చచ్చి ఊరుకుంటుంది. అందుకే ఆ గదిలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, మాట్లాడితే పెదాలు చిట్లుతాయి.

వంకరగా తెగినవీ, తేమ తగిలినవీ ఒకే బుట్టలో పడతాయి. పైకి అన్నీ నిక్షేపంలా ఉంటాయి. పారేయడానికి షుగరక్కకి ప్రాణం ఒప్పలేదు. వంకరగా తెగినవేలే అని మనసుకి సర్దిచెప్పుకుని, టిఫిన్ డబ్బాలో తెచ్చి ముందు అత్తగారికిచ్చింది, తర్వాత వీధంతా పంచింది. అత్తగారి షుగరు నెల తిరక్కుండా నూట పదికి దిగింది. అంతా కోడలి చేతి చలవేనని ముసలావిడ ఊరంతా చాటి, మాత్రలు మానేసి, కాఫీలో పంచదార వేయించుకుంది.

ఓ మధ్యాహ్నం కూర్చున్న కుర్చీలోనే ఒరిగిపోయింది. ఆసుపత్రిలో చూస్తే ఐదొందల ఇరవై. పొద్దున ఇంట్లో చూసింది నూట ఎనిమిది.

"ఈ స్ట్రిప్పులు ఇంకెవరికైనా ఇచ్చావా?" అన్నాడు డాక్టరు, షుగరక్క చూపించిన స్ట్రిప్పులు తిప్పి చూస్తూ.

షుగరక్క మొగుణ్ణి అత్తగారి మంచం దగ్గర కూర్చోబెట్టి, సీలు తియ్యని కొత్త డబ్బా ఒకటి కొనుక్కుని వీధిలోకి వచ్చింది. పంచిన స్ట్రిప్పులు వెనక్కి అడుగుతూ ఇరవై రెండు ఇళ్ళు తిరిగింది. కొందరు చేతిలో పెట్టారు, కొందరు మొహాన కొట్టారు, ఒకావిడ తలుపే తియ్యలేదు.

చివరింట్లో ముసలి టైలరు ఆ స్ట్రిప్పులున్న డబ్బా ఒళ్ళో దాచుకున్నాడు.

"ఇవ్వనమ్మా. ఇన్నాళ్ళకి నాకు మంచి మాట చెప్పింది ఇదొక్కటే."

"మా అత్తయ్యకీ మంచి మాటే చెప్పింది, బాబాయ్. ఇంకా కళ్ళు తెరవలేదు."

ముసలాయన డబ్బా ఇచ్చేసి, వేలు చాపాడు. కొత్త స్ట్రిప్పు పెడితే ఆయన మీటరులో మూడొందల ఎనభై పడింది.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత రెండో చేతి వేలు చాపాడు.

"ఇది కూడా ఓసారి చూడమ్మా."

షుగరక్క కాదనలేదు.