రత్నమ్మప్పకు నేను పెట్టిన పేరు

ఒక మనిషి ఒక్క సాయంత్రంలో ఎంత వెధవ కాగలడో చూడాలని ఎవరికైనా సరదా ఉంటే నన్ను అడగవచ్చు. అరవైల చివర్లో నెల్లిమర్లలో, మా అద్దింటి వరండాలో, కాబోయే మామగారి ఎదుట ఆ పని నేను ఏ లోటూ లేకుండా చేసి చూపించాను.

అప్పటికి నాకు పెళ్లీడు వచ్చింది. నరసన్నపేట దగ్గర పల్లె నుంచి వచ్చి జూట్ మిల్లులో చేరాను. ఇంటికి రెండు వాటాలు, వరండా ఉమ్మడి. పక్క వాటాలో సామేలు ఉండేవాడు. చీపురుపల్లి వైపు నుంచి వచ్చిన బాప్టిస్టు క్రైస్తవుడు, మిల్లులో ఫిట్టరు. అతని భార్య రత్నమ్మ. మా వైపు అక్కను అప్ప అంటారు కనుక ఆవిడ నాకు రత్నమ్మప్ప, ఆయన బావ అయ్యారు.

మా ఊరి అమ్మవారు ఊళ్లోనే ఉండిపోయింది. వాళ్ల చర్చి కూడా వాళ్ల ఊళ్లోనే ఉండిపోయింది. అందుకని ఆదివారం సాయంత్రం వరండాలో చాప పరిచి వాళ్లు ప్రార్థన చేసుకునేవారు. నేను చివర కూర్చునేవాణ్ణి. భక్తి అనుకునేరు, తర్వాత పెట్టే ఉడకబెట్టిన శనగల కోసం. అమ్మవారి పండగకు మేం ఊరెళితే మా షిఫ్టు వాళ్లు చేసేవారు, క్రిస్మస్‌కు వాళ్ల షిఫ్టు మేం చేసేవాళ్లం. నా రెండు పూటల భోజనమూ రత్నమ్మప్ప చేతిదే. ఆ సంగతి మాత్రం మా ఊళ్లో చెప్పలేదు. చెబితే మా నాన్న నన్ను గుమ్మం ఎక్కనివ్వడని నాకు తెలుసు.

ఇలా ఉండగా నాన్న దగ్గర నుంచి కబురు. పోలినాయుడు అనే ఆయన తన కూతుర్ని నాకిద్దామనుకుంటున్నాడట, నేనెలా బతుకుతున్నానో చూడటానికి ఆదివారం వస్తాడట. ఆయన రంగంలో, అంటే రంగూన్‌లో, చాలాకాలం పని చేసి, అక్కడ మనవాళ్లు ఉండలేని పరిస్థితి వస్తే కుటుంబంతో తిరిగి వచ్చాడు. వచ్చీరాగానే ఊళ్లో రామమందిరం కట్టించాడని నాన్న గొప్పగా చెప్పి పంపాడు. నాకు ఆ ఒక్క మాటే వినిపించింది. అంత నిష్ఠాపరుడు నా వరండా చూస్తే సంబంధం గంగలో కలిసినట్టే అనుకున్నాను.

వెంటనే నా బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. నా బుర్ర పని చేసిన ప్రతిసారీ ఇలాంటిదే ఏదో జరిగింది. వరండా గోడ మీద వాళ్ల బైబిలు వాక్యాల క్యాలెండరు ఉంటే దాని మీద సింహాద్రి అప్పన్న పటం అంటించాను. ప్రార్థన ఆ వారానికి వేరే ఇంట్లో పెట్టుకోమని బావను బతిమాలాను. ఆ పూటకు ఆయన పేరు సింహాచలం, అప్ప పేరు పైడమ్మ అని చెప్పాను. బావ నవ్వి ఊరుకున్నాడు. అప్ప నవ్వలేదు.

"పైడమ్మ మా అత్త పాత పేరు. బాప్తిస్మం రోజున ఆవిడ ఒగ్గీసింది. నువ్వు ఎతికి తెచ్చి నాకెట్టినావా?"

నేను అక్కడితో ఆగక కుంకుమ భరిణె కూడా చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"పేరంటే ఒక పూట మోస్తాను. నుదురు నాది."

పోలినాయుడు వచ్చాడు. పొడుగాటి మనిషి, మాట తక్కువ. సింహాచలం బావను, పైడమ్మప్పను చూపించి, నాకు రెండు పూటలా అన్నం పెట్టేది వీళ్లేనని పరిచయం చేశాను. ఆయన తలాడించి కాఫీ తాగుతున్నాడు. అంతలో పాసింజరు దిగి, చీపురుపల్లి నుంచి సామేలు మేనత్త, ఇంకో నలుగురు చుట్టాలు వచ్చేశారు. ప్రార్థన చోటు మారిన సంగతి వాళ్లకు తెలియదు. చాప పరిచేసి కూర్చున్నారు. వీళ్లెవరని పోలినాయుడు అడిగాడు. మా వీధి రామభజన సమాజం అని చెప్పేశాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆయన మొహం వెలిగింది. కండువా తీసి పక్కన పెట్టి వాళ్ల మధ్యకు వెళ్లి మఠం వేసుకున్నాడు. పెద్దావిడ పాట ఎత్తుకుంది. మొదటి మాటే యేసయ్య. పారిపోదామంటే చెప్పులు ఆయన వెనక ఉన్నాయి.

రెండో చరణం వచ్చేసరికి వరండా అదిరేలా ఒక మగగొంతు కలిసింది. పోలినాయుడు కళ్లు మూసుకుని, చప్పట్లు కొడుతూ, ఒక్క మాట తప్పకుండా పాడుతున్నాడు. పాట అయ్యాక నా వైపు తిరిగాడు.

"ఇది రామభజన కాదు బాబూ. రంగంలో మాదీ కిరస్తానోళ్లదీ ఒకే కూలీల లైను. ఉన్నది ఒకటే పాక. శనివారం మా భజన, ఆదోరం వాళ్ల ప్రార్థన. డోలక్కు వాళ్లది, తాళాలు మావి. ఇచ్చి పుచ్చుకోకపోతే ఇద్దరికీ పాట లేదు."

ఆ పాటికి మేనత్త "రత్నమ్మా, మంచినీళ్లు తే" అని పిలవడం, అప్ప పలకడం కూడా అయిపోయాయి. పోలినాయుడు లేచి గోడ దగ్గరకు వెళ్లాడు. అప్పన్న పటం అంచు ఎత్తి కింద ఏముందో చూశాడు.

"దేవుడి మీద దేవుణ్ణి అంటించినావు. పక్కన గోడ కాళీగా లేదేటి?"

ఆయన గొంతు పెంచలేదు. తన కూతురు పుట్టినప్పుడు తల్లికి జ్వరమొస్తే, నెలరోజులు ఆ పిల్లకు పాలిచ్చింది పక్క గదిలోని క్రైస్తవుల మరియమ్మేనని చెప్పాడు.

"కూడెట్టినోళ్లకే పేరు మార్సినావు. రేపు నా కూతురు నీకు సిన్నతనమనిపిస్తే దాన్నేటి సేస్తావు?"

ఆయన నన్ను వదిలేసి వంటింటి గుమ్మం వైపు తిరిగాడు. ఈ కుర్రాడు ఎలాంటివాడో మీరు చెప్పండి, మీ మాట మీదే పిల్లనిస్తానన్నాడు. నా పెళ్లి ఆ పొద్దుటే నేను పేరు మార్చిన మనిషి నోట్లో పడింది. అప్ప చెంగుతో చేతులు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం ఎంతకీ పూర్తి కాలేదు. నేను ఆవిడ కాళ్ల దాకా వెళ్లి తప్పయిపోయిందన్నాను.

"కుర్రోడు మంచోడే నాయుడుబాబూ," అంది చివరికి. "లోపం ఒక్కటే. అబద్దమాడ్డం రాదు, మీరే సూసినారు కదా. పెళ్లాం దగ్గర ఒక్కరోజు కూడా ఏదీ దాసలేడు. పిల్లనిచ్చీండి."

పిల్లనిచ్చాడు. పెళ్లికి మా నాన్న మొహం మాడ్చుకున్నా, రత్నమ్మప్ప, సామేలు ముందు వరసలోనే కూర్చున్నారు. మామగారు దగ్గరుండి కూర్చోబెట్టారు.

కనుక ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేస్తున్నాను. ఈ జన్మలో మరే మనిషికీ నేను పేరు పెట్టను. ఈ ప్రతిజ్ఞ ఎంత గట్టిదంటే, మా నలుగురు పిల్లలకూ పేర్లు మా ఆవిడే పెట్టింది. పిల్లలు పుట్టిన ప్రతిసారీ నేను వీధిలోకి వెళ్లి నిలబడ్డాను.