పురిటి మంచానికి బావ కత్తి

ఆ రోజుల్లో, అంటే ఊళ్లో స్టీల్‌ప్లాంటు పునాదులు లేస్తున్న కాలంలో, మా జాలరిపేట దెయ్యాలకి కాస్త తెలివి ఉండేది. బాలింత తలగడ కింద ఇనుము లేకపోతే వచ్చేవి. ఉంటే, అది ఎలాంటి ఇనుమో చూసుకుని మరీ వచ్చేవి. ఇది నా మాట కాదు, మా మామ్మ మాట. అక్క మా ఇంట్లో మగపిల్లాణ్ణి కన్నప్పుడు, తగరపువలస సంతలో ముచ్చటపడి కొన్న నా కొత్త కత్తిని (పిడి మీద చిలక బొమ్మ కూడానూ) నేనే తీసుకెళ్లి తలగడ కింద పెట్టాను. మేనమామనయ్యానన్న గర్వం మరి. మామ్మ దాన్ని వేళ్ల కొసలతో బయటికి లాగింది. "ఏట్రా ఇది? ఇంకా ఉల్లిపాయైనా కొయ్యనేదు. దీన్ని సూత్తే దెయ్యం నవ్వుద్ది. పని సేసిన కత్తి ఉండాల."

పని చేసిన కత్తంటే పేట మొత్తానికి మా బావదే. అరిగి అరిగి వేలెడు మిగిలింది. పిడికి వలతాడు చుట్టి ఉండేది. తాడు కోసినా, చేప చీల్చినా, పొగాకు తరిగినా, కాలిగోళ్లు తీసుకున్నా దాంతోనే (ఏ పని తరవాత ఏ పనో అడక్కండి). సొంత తమ్ముడికైనా ఇచ్చి ఎరగడు. కొడుకు కోసం మాత్రం మొలలోంచి తీసి ఇచ్చేశాడు. "పురుడెల్లేదాకా నీది నాకియ్యి బావా," అన్నాడు (నన్నూ బావా అనే పిలిచేవాడు). పారేయొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి ఇచ్చాను.

మర్నాడు తెప్ప మీద మేమిద్దరమే. వల వదులుతుంటే తాడు మెలిక బావ చీలమండకి పడింది. వల బరువు లోతుకి లాగేస్తోంది. బావ రెండు చేతులా తెప్ప దుంగని వాటేసుకుని, "కొయ్యి బావా, కొయ్యీ!" అని అరుస్తున్నాడు. అతని మొలలోంచి నా కత్తి లాగి కోశాను. తడితాడు మీద జారింది. మళ్లీ కోస్తే వంగింది. మూడోసారికి చిలక నా చేతిలోకి ఊడొచ్చింది. పిడి లేని ఆ ఇనపముక్కతో రాస్తూ, పళ్లతో కొరుకుతూ, ఏడుస్తూ, ఆ సంత దుకాణదారుణ్ణి ఏడుతరాలూ తిడుతూ ఎలాగో తెంపాను. బావ బతికాడు. పాదం మాత్రం దక్కలేదు, పెద్దాసుపత్రిలో తీసేశారు.

మామ్మ ఏమందో తెలుసా? "దెయ్యం మనింటికొచ్చింది. కత్తిని సూసి సముద్రం మీదకి ఎలిపోయింది." నాకు ఒళ్లు మండిపోయింది. కానీ పిల్లాడు నిక్షేపంలా పాలు తాగుతున్నాడు, ఆవిడతో ఏమని వాదిస్తాం? బావ ఆసుపత్రి నుంచి రాగానే తన కత్తి అడిగి తెప్పించుకున్నాడు. బొటనవేలి గోటి మీద పదును చూసి, నా చేతిలో పెట్టాడు. "సముద్రానికి ఎల్లేవోడి కాడుండాల. దాసుకోకు, వాడుకో," అన్నాడు. ఆ మాటకి ఏడుపొచ్చి బయటికి వెళ్లిపోయాను.

కొన్నేళ్లకి నాకు కూతురు పుట్టింది. అప్పటికి మామ్మ పోయింది. అమ్మ వచ్చి చెయ్యి చాచింది. ఇలాంటివన్నీ నమ్మనని పేటంతా డప్పు కొట్టుకున్నవాణ్ణి, మొలలోంచి కత్తి తీసి ఇచ్చేశాను. ఇచ్చి, పురుడు వెళ్లేదాకా తెప్ప ఎక్కలేదు. చేప దండిగా పడుతున్న రోజులవి. "బాలింత నువ్వా, నీ పెళ్లామా?" అని ఒడ్డున ఒకటే నవ్వులు. ఎర్రటెండలో గుమ్మంలో మొహం మాడ్చుకుని కూర్చున్న అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. అప్పుడు నవ్వనిది బావ ఒక్కడే. రోజూ పొద్దున్నే కర్ర పొడుచుకుంటూ వచ్చి, నా పక్కన చతికిలబడి, నా వల బాగుచేసేవాడు.