తాయిఫ్ గావా దుకాణంలో తనిఖీ

"అన్నా, నేను పనిచేసే గావా దుకాణం మస్తు పాతది. ఒకసారి వచ్చి చూడు" అని రాజేశం ఫోన్ చేసినప్పటి నుంచి సౌదీలోని తాయిఫ్ వెళ్లాలని ఉండేది. గావా అంటే అరబ్బు కాఫీ. రాజేశం మా జగిత్యాల వైపు మేస్త్రీ. సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ లెక్కలో అతని కంపెనీ ఎరుపు జాబితాలో పడింది. విదేశీ పనివాళ్ల మీద వేసే లెవీలు కట్టలేక, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ పనులు ఆపేశాడు. నివాస కార్డు ఇఖామాకు గడువుంది కానీ అందులో రాసింది మేస్త్రీ పని, చేస్తున్నది వేరొకరి దగ్గర చాయ్ పని. దొరికితే జైలే. అక్కడికి వెళ్లాలంటే నాకూ భయమే.

శుక్రవారం ఉదయం నేనుండే జెద్దాలో షేరింగ్ టాక్సీ ఎక్కాను. సీటుకు యాభై రియాళ్లు. ముస్లిమేతరులం మక్కా లోపలి నుంచి వెళ్లకూడదు కాబట్టి, బైపాస్ మీదుగా చుట్టి ఘాట్ ఎక్కాం. కడప డ్రైవర్ ఖాదర్ భాయ్ మలుపుల్లోనూ కబుర్లాపలేదు. చెక్‌పోస్టు కనబడగానే మాత్రం గొంతు తగ్గించాడు.

"ఈ మధ్య శానా గట్టిగా చూస్తాండారు సార్."

జుమ్మా నమాజు అయ్యాక దుకాణం తెరిచారు. లోపల తాళ్లు అల్లిన ఎత్తయిన చెక్క బల్లలున్నాయి. యజమాని అబూ ఫహద్ ఎనభై దాటిన మనిషి. ఆయన అరబ్బీలో చెబుతుంటే రాజేశం నాకు తెలుగులో చెప్పాడు.

"ఎన్కట ఒంటెల బేరగాళ్లు గీ బల్లల మీదనే పండేటోళ్లట. ఒకాయన కూసొని వీరుల కథలు చెప్పేటోడు. వీరుడు శత్రువుకు చిక్కంగనే కథ ఆపేటోడు. ఏమైతదోనని ఒక బేరగాడు బిడారు వదిలేసి ఇక్కడనే ఆగిపోయిండు. ఆయనే వీళ్ల తాత. తర్వాత దుకాణమే కొన్నడు."

ఎండాకాలం సముద్ర తీరం నుంచి సిమ్సిమియా అనే వాద్యం తీగలు మీటేవాళ్లు వచ్చేవారట. తర్వాత పాట ఆగింది, టీవీ వచ్చింది. ఇప్పుడు మిగిలింది క్యారమ్ బల్ల ఒక్కటే.

ఇంతలో వీధిలో షట్టర్లు వరుసగా పడ్డాయి. "జవాజాత్!" అని ఎవరో అరిచారు, ఇఖామాలు తనిఖీ చేసే పోలీసులన్నమాట. కెటిల్ పట్టుకున్న రాజేశం కదల్లేకపోయాడు. అబూ ఫహద్ లేచి కెటిల్ లాక్కున్నాడు, అతని ఏప్రన్ విప్పి బల్ల కింద పడేశాడు, నా ఎదుట కూర్చోమని సైగ చేశాడు.

ఇద్దరు అధికారులు వచ్చారు. నా ఇఖామా చూశారు, తర్వాత అతనిది.

"మేస్త్రీవి. ఇక్కడేం పని?"

"మా ఊరివాడు. నన్ను కలవడానికి వచ్చాడు" అని వచ్చీరాని అరబ్బీలో అన్నాను.

అధికారి ముసలాయన వైపు తిరిగాడు. ఆయన పోస్తున్న చాయ్ సగం సాసర్‌లోకి ఒలుకుతోంది.

"మీరే పోస్తున్నారా, పెద్దాయనా?"

"నా దుకాణం. నేను కాక ఎవరు పోస్తారు?"

వాళ్లు చాయ్ తాగి వెళ్లిపోయారు. రాజేశం బల్ల కింది ఏప్రన్ తీసి మడతపెట్టాడు. "మల్ల గీ కెటిల్ ముట్ట అన్నా. ఎగ్జిట్ వీసా కొట్టమని కఫీల్‌ను అడుగుత" అన్నాడు. అన్నట్టే వెళ్లిపోయాడు. ఇప్పుడు ఊళ్లో గోడలు కడుతున్నాడు.

ఆ రోజు నేను అతని కోసం భయపడ్డానా, అతని పక్కనున్నందుకు నాకోసం భయపడ్డానా అని ఇప్పటికీ అనుకుంటాను. రెండూ నిజమే.

వెళ్లేవారికి ఒక్కమాట. శుక్రవారమైతే మధ్యాహ్నం రెండు దాటాకే వెళ్లండి. చాయ్ ముసలాయనే పోస్తాడు. గ్లాసు సగమే నిండుతుంది, ఏమీ అనకండి.