నూనె జడ, నలభై ఒక్క డిగ్రీలు

ఆ రోజుల్లో ఊరంతా ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో వేడెక్కి ఉంటే, నాకు పట్టిన వేడి ఒక్కటే, నలభై ఒక్క డిగ్రీలు. భీమవరం నుంచి పరిశోధనకని వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో గది కిరాయికి తీసుకున్నాను. జీవకణం చుట్టూ ఉండే పొరలాంటిదాన్ని కొవ్వుతో చేసి, మెల్లగా వేడి చేస్తూ చూడటం నా పని. స్వచ్ఛమైన నా కొవ్వు సరిగ్గా నలభై ఒకటి దగ్గర ఒక్కసారిగా మెత్తబడుతుంది. గ్రాఫు మీద సూదిలా గీత లేస్తుంది. మధ్యలో కొలెస్ట్రాల్‌లాంటి పరాయి అణువు దూరిందా, గీత కుంగి వెడల్పవుతుంది. ఎంత కుంగిందో కొలవాలంటే ముందు ఆ సూది రావాలి. ప్రతి సోమవారం కొత్త కొవ్వు తూచుకున్నా, నాకది మాత్రం రాలేదు. "నెలాఖరుకు రాకుంటే గీ పని ఇంకొకలకిస్త" అన్నారు ప్రొఫెసర్‌గారు.

బంద్‌లని నా గదిలో ఉండే అమ్మాయి ఇంటికెళ్లిపోయింది. నా యాస ఎవరికి ఎలా వినిపిస్తుందోనని కొట్లో కూడా వేలు చూపించి సరుకు అడిగేదాన్ని (ఎవరూ ఏమీ అనలేదు, నా భయమే). చాలా ఒంటరిగా ఉండేది. నాతో మాట్లాడేది ఇంటి ఓనరాంటీ ఒక్కరే. వాళ్లది పోచంపల్లి, చీరల షాపు. ప్రతి ఆదివారం "జర కూసో బిడ్డా" అని మెట్ల మీద కూర్చోబెట్టి, తలకి కొబ్బరినూనె పట్టించి జడ వేసేవారు. ఆ గంట కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని.

ఒక సోమవారం ప్రొఫెసర్‌గారు వెనకాల నిలబడి నా తూకం చూశారు. "ఏందమ్మా, నీ జడ సీసాలకు దుంకుతాంది! గా నూనె ఏంది?"

ఆ సాయంత్రమే ఆంటీతో, ఇక నూనె వద్దండీ అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "బంద్‌లని మా మీద మనసుల ఏమన్న పెట్టుకున్నవా బిడ్డా?"

"అయ్యో, అది కాదండీ! మా కొవ్వు పాడైపోతోంది."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "నీకాడ కొవ్వేడుందే?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆవిడ మళ్లీ పిలవలేదు. తర్వాతి సోమవారం సూదిలాంటి గీత వచ్చింది, ల్యాబంతా చప్పట్లు. ఆ ఆదివారం పొడి జుట్టుతో మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు నా తలకి నేనే నూనె రాసుకుంటూ మెట్ల మీద ఏడ్చిన ఆ పిల్లను తలచుకుని నవ్వుకుంటాను. తూకం తలంటుకునే శనివారానికి మార్చుకుంటే సరిపోయేది కదే, పిచ్చిదానా!