పొద్దుటి కల్లుకు నేను సరేనన్నాను

మొన్న రావులపాలెంలో అయిదో నెల గర్భిణి అయిన మా తమ్ముడి కూతురిని చూడబోయాను. మా మరదలు గ్లాసు నిండా తాటికల్లు తెచ్చి, "ఇప్పుడే దింపిందండి వదినగారూ, చలవ చేస్తుంది" అంటూ పిల్ల చేతికివ్వబోతుంటే లేచి లాక్కున్నాను. సగం నా చీర మీదే ఒలికింది. ముసలిదానికి మతిపోయిందనుకున్నారేమో, అనుకోనివ్వండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను జంగారెడ్డిగూడెం దగ్గర ఒక ఊళ్ళో నర్సుగా ఉండేదాన్ని. తెల్లచీర కట్టుకుని వీధిలో నడుస్తుంటే అందరూ గౌరవంగా పలకరించేవారు, నాకు అన్నీ తెలుసుననే ధీమా ఉండేది. ఆ ఊళ్ళో తాటిచెట్లు గీసి కల్లు దింపే ఆయన భార్యకు తొలి కాన్పు. అత్తగారు రోజూ పొద్దున్నే ఆమెకు ముంతెడు కల్లు ఇచ్చేది, అది ప్రేమే, అందులో అనుమానం లేదు. ఆ అమ్మాయికి మాత్రం ఎందుకో బెరుకు కలిగి, ఒకరోజు నన్ను ఆపి, తాగవచ్చునా అని అడిగింది. సాయంత్రానికి పులిసిపోయినది వద్దు గాని, పొద్దుటిది తియ్యగానే ఉంటుంది, పర్వాలేదన్నాను. మా ఇంట్లోనూ అలాగే అనుకునేవాళ్ళం మరి. చెట్టు మీద కుండలో పడ్డప్పటినుంచే అది పులియడం మొదలవుతుందని నేను ఆలోచించనే లేదు.

ఆడపిల్ల పుట్టింది, బరువు తక్కువ. ముక్కుకూ పై పెదవికీ మధ్య మనందరికీ ఉండే చిన్న గాడి ఆ పిల్లకు లేదు. ఆరేళ్ళొచ్చినా నిన్న నేర్పింది ఇవాళ గుర్తుండేది కాదు, బడిలో మొద్దు అన్నారు. చివరికి నేనే తల్లీకూతుళ్ళను వెంటబెట్టుకుని రాజమండ్రిలో పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళాను.

ఆయన పిల్ల మొహం చాలాసేపు పరీక్షగా చూసి, తల చుట్టుకొలత తీసి, "కడుపుతో ఉన్నప్పుడు కల్లుగానీ సారాగానీ తాగావా అమ్మా?" అని అడిగారు. ఆమె తల తిప్పి నన్ను చూసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నా భయమంతా నా ఉద్యోగం గురించే, పిల్ల గురించి కాదు. ఆమె మాత్రం, "తాగానండి. నాకు తెలీదండి" అంది. అంతే. డాక్టరుగారు కోప్పడలేదు. కల్లయినా బ్రాందీ అయినా తల్లి తాగింది బిడ్డకూ చేరుతుందని, ఇంతవరకైతే ఫరవాలేదనే కొలత ఏదీ లేదని, ఇది మందులతో నయమయ్యేది కాకపోయినా ఓపికగా నేర్పితే పిల్ల తన పనులు తాను చేసుకోగలదని చెప్పారు.

తాగవచ్చునన్నది నేనేనని డాక్టరుగారితో చెప్పలేదు, తప్పు నాదని ఆమెతోనూ అనలేదు. ఆమె రెండోసారి నెల తప్పాక మాత్రం రోజూ పొద్దున్నే వాళ్ళ గుమ్మంలో కూర్చుని, ఆ అత్తగారితో పోట్లాడి మరీ కల్లు మాన్పించి మజ్జిగ ఇప్పించాను.

ఇప్పుడు అక్కడ తాటిచెట్లు పోయి పామాయిల్ తోటలొచ్చాయి. గర్భిణి ఏం తినాలో ఏం తాగకూడదో ఫోనే చెబుతోంది, వీధిలో నర్సును ఆపి అడగాల్సిన పనిలేదు, మంచిదే. మొన్న తడిసిన చీర పిండుకుంటూ, ఆనాడు నేనన్న మాటతో సహా మా మరదలికి అంతా చెప్పాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. వినవలసిన మనిషి, ఆ పిల్ల తల్లి, పోయి చాలాకాలమైంది. ఉన్నన్నాళ్ళూ ఆమె ఆ మాట ఎత్తనే లేదు, ఎదురుపడితే, "బాగున్నారా నర్సమ్మగారూ?" అనేది.