సీట్లు నిండిపోయాయన్నాను

మా కాలేజీలో ఇప్పుడు అడ్మిషన్ల హడావుడి. మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చి, “మేడం, కౌన్సెలింగ్ ఏడ అయితది?” అని మెల్లగా అడిగింది. తలెత్తకుండానే, “ఇంకెక్కడమ్మా, సీట్లన్నీ నిండిపోయాయి” అన్నాను. వెళ్లిపోయింది.

“ఆ పిల్ల మన సెకండియరే గదా, సీటెందుకు?” అంది పక్కనున్న సుజాత. నాకప్పుడు వెలిగింది. మనసు బాగాలేని పిల్లల కోసం మేం కొత్తగా పెట్టిన గది పేరు కూడా కౌన్సెలింగే.

పరిగెత్తాను. చైతన్యపురి మెట్రో మెట్ల దగ్గర దొరికింది. “మళ్లీ అడగొచ్చు కదమ్మా!”

“నిండినయ్ అన్నరు గద మేడం. నాకంటె కష్టమున్నోళ్లు శానమంది ఉన్నరేమో అనుకున్న.”

వెంటబెట్టుకొచ్చి ఆ గదిలో కూర్చోబెట్టాను. అయినా నాకింకా అన్నం దిగడం లేదు.

రేపు ఆ తలుపు మీద పేరు మారుస్తున్నాం. ఏం రాయాలో మీరు చెప్పండి. తలెత్తి చూడకపోవడం మాత్రం నా తప్పే, బోర్డు మారిస్తే పోదు.